తొమ్మిదో నంబరు సీసా

నా పరిశోధన గురించి మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి మూడేళ్లు పట్టింది. సముద్రంలో సూక్ష్మజీవులు అనగానే "చేపలకు రోగాలా అమ్మా?" అనేవారు. కాదంటే "అయితే రొయ్యలకా?" అనేవారు. కోనసీమలో రొయ్యల చెరువుల పక్కన వ్యవసాయం చేసే మనిషికి అంతకన్నా వేరే అనుమానం ఎలా వస్తుంది? చివరికి మా ఇద్దరినీ ఒక దారికి తెచ్చింది యూరియా బస్తా.

చల్లిన యూరియా మొత్తం పైరుకు అందదని వరి పండించే ప్రతి రైతుకూ తెలుసు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేట్‌గా మారి, మడిలో గాలి ఆడని బురదలోకి దిగుతుంది. అక్కడి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ దొరకదు కాబట్టి నైట్రేట్‌లో ఉన్న ఆక్సిజన్‌తోనే పని గడుపుకుంటాయి. మిగిలిన నత్రజని వాయువై పైకి పోతుంది. 2015లో దేశమంతటా యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఇదొక కారణం. అమ్మోనియాన్ని నైట్రేట్ వైపు నడిపించే సూక్ష్మజీవులకు వేప కళ్లెం వేస్తుంది.

"సముద్రంలోనూ ఇదే జరుగుతుంది నాన్నా. అరేబియా సముద్రంలో నత్రజని ఇలాగే గాలికి పోతోంది. మన బంగాళాఖాతంలో మాత్రం పోవాల్సినంత పోవడం లేదు. ఎందుకో చూడటమే నా పని" అన్నాను.

నాన్న కాసేపు ఆలోచించి, "పోకపోతే మంచిదే కదమ్మా. దానికి ఇన్నేళ్ల చదువెందుకు?" అన్నారు.

నిజమే, మంచిదే. కానీ ఆ మంచి ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో అప్పటికి ఆయనకు నేను చెప్పలేదు.

సముద్రంలో లోతుకు దిగేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతూ నేల తాకేసరికి సున్నా అవుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అలా కాదు. ధ్రువాల వైపు మునిగిన చల్లని నీరు అడుగున పారుతూ వస్తుంది కాబట్టి బాగా లోతున ఆక్సిజన్ ఉంటుంది. కరువంతా మధ్య పొరలోనే. బంగాళాఖాతంలో అది దాదాపు 100 మీటర్ల నుంచి 600 మీటర్ల వరకు. పైనుంచి రాలే చచ్చిన ప్లవకాలను (నీటిలో తేలాడే అతి చిన్న జీవులను), మలం ముక్కలను తింటూ బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను ఖర్చు పెట్టేస్తాయి. కొత్తది చేరడానికి దారి లేదు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన తేలిక నీరు ఉప్పునీటి మీద మూత పెట్టినట్టు పరుచుకుని ఉంటుంది.

సముద్రపు నీటి పొరలో నత్రజని భారీగా వాయువైపోయే ప్రాంతాలు ప్రపంచంలో మూడే పెద్దవి: అరేబియా సముద్రం, మెక్సికో పక్కనున్న పసిఫిక్, పెరూ, చిలీ తీరాల పసిఫిక్. బంగాళాఖాతానికి లక్షణాలన్నీ ఉన్నా ఆ వరసలోకి రాలేదు. గడప దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టకుండా నిలబడిపోయింది.

ఇది కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నైట్రేట్ విరిగేటప్పుడు మొదటి మెట్టు నైట్రైట్. (ఒక్క గుణింతం తేడా, ఒక్క ఆక్సిజన్ పరమాణువు తేడా. మౌఖిక పరీక్షలో ఈ రెండింటి దగ్గర తడబడని విద్యార్థిని నేను చూడలేదు, నాతో సహా.) నీటి నమూనాలో సల్ఫానిలమైడ్ కొంచెం, రంగునిచ్చే మరో రసాయనం కొంచెం కలిపితే నైట్రైట్ ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. అరేబియా సముద్రంలో ఆక్సిజన్ లేని పొర నుంచి తెచ్చిన నీరు రోజ్‌మిల్క్‌కు చెల్లెలిలా తయారవుతుంది. బంగాళాఖాతంలో అదే లోతు నీరు మంచినీళ్లలా అలాగే ఉండిపోతుంది. అంటే నా పరిశోధన మొత్తం రంగు రాకపోవడం గురించి.

నేను ఈ పనిలో చేరేనాటికే అసలు జవాబు ఒకటి అచ్చయింది. 2017లో లారా బ్రిస్టో, వాజిహ్ నక్వీ తదితరులు నేచర్ జియోసైన్స్ పత్రికలో రాశారు. డెన్మార్క్‌లో తయారైన అతి సున్నితమైన సెన్సర్‌తో కొలిస్తే, ఆక్సిజన్ లేదనుకున్న బంగాళాఖాతపు పొరలో 10 నుంచి 200 నానోమోలార్ల దాకా ఆక్సిజన్ మిగిలి ఉంది. పైనీటిలో ఉండేదానితో పోలిస్తే అది వెయ్యో వంతు, కొన్నిచోట్ల ఇరవై వేలలో ఒక వంతు. ఆ చిటికెడు ఆక్సిజన్‌తోనే కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌ను పట్టుకుని తిరిగి నైట్రేట్‌గా మార్చేస్తున్నాయి. వాయువుగా మార్చే జీవులు అక్కడే ఆకలితో కూర్చుని ఉన్నాయి. వాటి నోటిదాకా కూడు రావడం లేదు. నా వంతు వచ్చిన పని చిన్నది: తీరానికి కొంచెం దగ్గరగా, నదుల మట్టి ఎక్కువగా దిగే చోట కూడా కథ ఇదేనా, కాదా?

వినాయక చవితి వెళ్లిన వారానికి విశాఖపట్నం నుంచి ఓడ బయలుదేరింది. అంతకు ముందు రెండు నెలలు నేను చేసిన పని ముఖ్యంగా కడగడం. సీసాలు ఆమ్లంతో కడగడం, ఆరబెట్టడం, పేర్లు రాసిన చీటీలు అంటించడం, పెట్టెల్లో సర్దడం, మళ్లీ లెక్క పెట్టడం. సముద్రం మధ్యలో దుకాణం ఉండదు కదా. మూతలకు వేసే రబ్బరు బిరడాలను హీలియం కింద వారాల పాటు ఉంచాను. రబ్బరు తనలో దాచుకున్న ఆక్సిజన్‌ను నెమ్మదిగా నీటిలోకి వదులుతుంది. మామూలు ప్రయోగాలకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. నానోమోలార్లు లెక్కపెట్టే మాకు ఆ బిరడాయే ఇంటిదొంగ.

డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగయ్యే వేళకు నేను డెక్ మీద నిలబడి చాలా గొప్పగా అనుకున్నాను. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులను వెంటబెట్టుకుని ఈ నీటినే కొలిచారు, ఇప్పుడు నేను కొలవబోతున్నాను అని. ఆ గొప్ప రెండు గంటలు నిలిచింది. తరువాత మూడు రోజులు నిమ్మకాయ వాసన చూస్తూ, ఉప్పు బిస్కెట్లు తింటూ, తిన్నవి సముద్రానికి సమర్పిస్తూ గడిపాను. నాలుగో రోజు ఉదయం హఠాత్తుగా ఆకలి వేసింది. వంటవాడు వేసిన పెసరట్లు ఎన్ని తిన్నానో చెప్పను.

నీరు తెచ్చే పరికరం ఒక పెద్ద ఇనుప చట్రం. నడుమ ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ. చుట్టూ వలయంగా నిస్కిన్ సీసాలు, ఒక్కొక్కటి పది లీటర్లు. రెండు మూతలూ తెరిచి దింపుతారు. వించ్ మీద తీగ నిమిషానికి అరవై మీటర్ల చొప్పున జారుతుంది. రెండు కిలోమీటర్లు దించి, ఆగుతూ ఆగుతూ పైకి లాగేసరికి రెండు గంటలకు తక్కువ పట్టదు. పైకి వచ్చేటప్పుడు కావలసిన లోతులో ఆపి కంప్యూటర్ మీద ఒక బటన్ నొక్కితే ఆ నంబరు సీసా మూతలు మూసుకోవాలి. 'మూసుకోవాలి' అన్న మాటను గుర్తుంచుకోండి.

అడుగుకు దించేటప్పుడు చట్రానికి పాత మేజోడులో థర్మోకోల్ కప్పులు కట్టడం ఓడల్లో పాత సరదా. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున, అంటే నేల మీద మనకు తగిలే గాలి ఒత్తిడంత, పీడనం పెరుగుతుంది. రెండు వేల మీటర్ల దగ్గర రెండు వందల వాతావరణాలు. టీ కప్పు కాస్తా అక్షింతల గిన్నెంత అయి వస్తుంది. నేను ఒకదాని మీద అమ్మ పేరు రాసి పంపాను. పేరు ముడుచుకుని, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి వాలి వచ్చింది.

చట్రం డెక్ మీదికి రాగానే తొందర మొదలవుతుంది. ముందు ఆక్సిజన్ నమూనా, ఆ తరువాతే మిగతావి. ఆలస్యమైతే గాలి లోపలికి దూరుతుంది. సన్నని గొట్టం సీసా అడుగుదాకా పెట్టి, నీరు పొంగి పొర్లనిచ్చి, ఒక్క బుడగ లేకుండా నింపాలి. అప్పుడు మాంగనీస్ ద్రావణం, క్షారం కలిపిన అయొడైడ్ వేసి బిరడా పెట్టి తలకిందులు చేయాలి. 1888లో వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఓడల మీద చెక్కుచెదరలేదు. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. లేకపోతే తెల్లగా, విరిగిన పాలలా ఉండిపోతుంది. పైనీటి సీసా ముదురు గోధుమ, వంద మీటర్ల దగ్గర లేత గోధుమ, రెండు వందలు దాటాక తెలుపు. వరసగా పెడితే కళ్లతోనే సముద్రం అర్థమవుతుంది. అయితే ఆ తెలుపును సున్నా అని నమ్మడానికి లేదు. మనం పోసే రసాయనాల్లోనే కొంత ఆక్సిజన్ కరిగి ఉంటుంది. వింక్లర్ కంటికి నానోమోలార్లు ఆనవు.

ఆరో రోజు రాత్రి రెండున్నరకు జరిగింది అసలు కథ. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం మా లెక్క. విరామంలో నిద్ర రాదు, పనిలో నిద్ర ఆగదు. తొమ్మిదో నంబరు సీసా 250 మీటర్లది, సరిగ్గా కరువు పొర నడుమది. నేను దాని కుళాయి దగ్గర కూర్చుని ఉండగా, తాడు సర్దుతున్న సరంగు గారు సీసా మీద చెయ్యి వేసి, "ఇదేమిటమ్మా, పక్కవాటిలా చల్లగా లేదు?" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఓడల మీద ఉన్న మనిషి. నేను "ఎండ తగిలిందేమోనండి" అన్నాను. అర్ధరాత్రి రెండున్నరకు.

గంట తరువాత రసాయనాలు కలిపాను. ఎనిమిదో సీసా నీరు రంగు లేదు. పదోది రంగు లేదు. తొమ్మిదోది లేత గులాబీ.

ఆ క్షణం నాకు నిద్ర ఎగిరిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ గులాబీ. ఎవరికీ కనబడనిది నాకు కనబడింది! గోదావరి మట్టి దిగేచోట బంగాళాఖాతం గడప దాటింది! పరిశోధన పత్రం శీర్షిక కూడా మనసులో రాసేసుకున్నాను. దానికి రెండు మూడు పాఠాంతరాలు కూడా తయారయ్యాయి. తెల్లవారి ఐదింటికి మా ముఖ్య శాస్త్రవేత్త గది తలుపు తట్టాను. ఆయన కళ్లద్దాలు వెతుక్కుంటూ వచ్చి, గాజు గొట్టం వెలుతురుకు పట్టి చూసి, ఒకే మాట అన్నారు: "ఉప్పు చూశావా?"

చూడలేదు. కిందికి పరుగెత్తి తొమ్మిదో సీసా నీటి ఉప్పదనం కొలిచాను. 250 మీటర్ల నీటికి కిలోకు 35 గ్రాముల దగ్గర ఉండాలి. అక్కడ 34 పైచిలుకు మాత్రమే ఉంది. తరువాత వింక్లర్ సీసాల పెట్టె తెరిచాను. తెల్లని వరస మధ్యలో తొమ్మిదోది గోధుమరంగులో నన్ను చూసి నవ్వుతోంది. ఆక్సిజన్ నమూనాలు తీసిన జూనియర్ తన పుస్తకంలో "9: రంగు తేడా, అక్కకు చెప్పాలి" అని రాసుకుని నిద్రపోయింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. లేపి చెప్పినా ఆ గంటలో నేను వినేదాన్ని కాదు.

జరిగింది ఇది. 250 మీటర్ల దగ్గర బటన్ నొక్కినప్పుడు తొమ్మిదో సీసా కొక్కెం విడిపోయినా, మూతను లాగే తాడు చట్రానికి చిక్కుకుంది. మూత తెరుచుకునే పైకి వచ్చింది. డెబ్బై మీటర్ల దగ్గర ఓడ ఒరిగిన కుదుపుకు చిక్కు వదిలి అక్కడ మూసుకుంది. డెబ్బై మీటర్ల దగ్గర నైట్రైట్ ఉండటం వింతేమీ కాదు. పచ్చని ప్లవకాలు ఆగిపోయే చీకటి అంచున దాదాపు ప్రతి సముద్రంలోనూ పలచని నైట్రైట్ పొర ఒకటి ఉంటుంది. నా మహా ఆవిష్కరణ పాఠ్యపుస్తకం మూడో అధ్యాయంలోది.

సార్ కోప్పడలేదు. "సరంగు గారు ఏమన్నారు?" అని అడిగారు. ఆయనకు ఎలా తెలిసిందో మరి. సిగ్గుతో చెప్పాను. ఆ రోజు నుంచి చట్రం పైకి రాగానే ఇద్దరం, నేనూ సరంగు గారూ, సీసాలను వరసగా తడుముతూ వెళ్లేవాళ్లం. పైన ఇరవై ఎనిమిది డిగ్రీలున్న నీరు రెండు వందల యాభై మీటర్లకు పదమూడు డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ తేడాకు థర్మామీటర్ అక్కర్లేదు.

మిగతా పన్నెండు రోజులూ గులాబీ రంగు కోసం ఎదురు చూడటం మానేశాను. అప్పుడే పని బాగా సాగింది. ప్రతి లోతు నుంచీ నాలుగు లీటర్ల నీటిని 0.22 మైక్రాన్ల వడపోత గుండా పంపి, ఆ వడపోతలను ద్రవ నత్రజనిలో ముంచి భద్రపరిచాం. సూక్ష్మజీవులన్నీ, వాటి డీఎన్‌ఏతో సహా, అందులో చిక్కుకుంటాయి. ఇంకోవైపు పన్నెండు మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో నీరు నింపి, కొన్నింటికి బరువైన నత్రజనితో చేసిన నైట్రైట్ కలిపి, చీకట్లో చల్లగా ఉంచాం. మామూలు నత్రజని పరమాణువు బరువు 14, మేం కలిపింది 15.

ఇక్కడ ఒక పెళ్లి లెక్క ఉంది. నత్రజని వాయువు అణువులో రెండు పరమాణువులు. అనామాక్స్ అనే పద్ధతిలో ఒకటి నైట్రైట్ వైపు నుంచి, ఒకటి అమ్మోనియం వైపు నుంచి వచ్చి జత కడతాయి. 15, 14 కలిస్తే 29. అసలైన వియ్యం. రెండోది, వరి మడి బురదలో జరిగే డీనైట్రిఫికేషన్‌లో, ఇద్దరూ నైట్రైట్ ఇంటివాళ్లే. 15, 15 కలిసి 30. బరువు తూచితే ఏ సూక్ష్మజీవి పని చేసిందో తెలిసిపోతుంది. ఈ అనామాక్స్ బ్యాక్టీరియాను మొదట కనిపెట్టింది సముద్రంలో కాదు, 1990ల్లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, మురుగునీటి శుద్ధి తొట్టిలో. సముద్రపు నీటిలో అది చేస్తున్న పని 2003లో నల్లసముద్రంలో బయటపడింది. అంత పెద్ద పని చేసే జీవి అంతకాలం ఎవరి కంటా పడలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా పద్ధతిలో ఒక లోపం ఉంది, దాచను. సీసాల్లోకి దూరిన గాలిని తొలగించడానికి హీలియం బుడగలు పంపుతాం. వాటితో పాటు సముద్రంలో నిజంగా ఉన్న ఆ చిటికెడు ఆక్సిజన్ కూడా పోతుంది. నేను ఏ చిటికెడు గురించి చదువుతున్నానో, దాన్నే ఊదేసి చదవడం మొదలుపెడతాను. అందుకే సీసాలో వచ్చిన అంకెను 'సముద్రంలో జరుగుతున్నది' అని రాయకూడదు, 'ఆక్సిజన్ పోతే జరగగలిగేది' అని రాయాలి. ఈ ఒక్క వాక్యం సరిచేయించడానికి మా సార్ నా వ్యాసాన్ని నాలుగుసార్లు వెనక్కి పంపారు.

ఒడ్డుకు వచ్చాక కూడా ఆరు నెలల దాకా అంకె కనబడలేదు. అణువుల బరువు తూచే ద్రవ్యరాశి వర్ణపటమాపకం దగ్గర వరస మాకు ఆలస్యంగా వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం వరసగా వచ్చాయి. నైట్రైట్ కలపని సీసాల్లో దాదాపు ఏమీ లేదు. కలిపినవాటిలో 29 మెల్లగా, గీత గీసినట్టు, గంట గంటకూ పెరిగింది. డీఎన్‌ఏ కూడా అదే చెప్పింది. సముద్రపు అనామాక్స్ జీవి స్కాలిండువా అక్కడే ఉంది, కొద్దిగానే అయినా ఉంది. నైట్రైట్‌ను తిరిగి నైట్రేట్ చేసే నైట్రోస్పైనా దానికన్నా హాయిగా ఉంది. 2017 పత్రం చెప్పినదే తీరం దగ్గరా నిలబడింది. కొత్త గోడ కట్టలేదు, ఉన్న గోడకు ఇంకొక ఇటుక పేర్చాను.

ఆ వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పాత ప్రశ్నకు జవాబు చెప్పాను. పోకపోవడం మంచిదే నాన్నా, కానీ పోకుండా ఆపుతున్నది వెయ్యో వంతు ఆక్సిజన్. సముద్రం వేడెక్కితే నీరు పట్టుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. నదుల్లోంచి ఎరువు ఎక్కువగా దిగితే ప్లవకాలు పెరిగి, కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఆ చిటికెడు కూడా పోతే అక్కడ కూర్చున్నవన్నీ లేచి పని మొదలుపెడతాయి. మధ్యలో నైట్రస్ ఆక్సైడ్ కూడా కొంత పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 270 రెట్లు.

నాన్న బస్తా మూతి కట్టి, "అయితే మా యూరియా మీ సీసాలోకి వస్తుందన్నమాట" అన్నారు. ఎంత వస్తుందో ఇంకా ఎవరూ చెప్పలేరు అన్నాను. "మరి అది కొలవరాదా?" అన్నారు.

వచ్చే నెలలో మళ్లీ ఓడ ఎక్కుతున్నాను. ఈసారి గోదావరి ముఖం నుంచి నేరుగా లోతుకు ఒక గీత గీసుకుని వెళతాం. రబ్బరు బిరడాలు అప్పుడే హీలియం కిందికి చేరాయి. సరంగు గారు ఈ ప్రయాణంలోనూ ఉంటున్నారని తెలిసింది. తొమ్మిదో సీసాకు కొత్త తాడు వేయించాను.